కొన్న గేమ్ మనదేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను లాయర్ని కాను, గేమ్‌లు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాణ్నీ కాను. తెనాలిలో ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లి గంటకి పదిహేను రూపాయలిచ్చి ఆడిన రోజుల నుంచి ఇప్పటిదాకా ఆడుతూనే ఉన్నాను, అంతే. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు, ఆఫీసు కుర్రాళ్లు, మా బావమరిది, వాడి కొడుకు... సేల్ వచ్చిందంటే చాలు, అందరూ తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు వేస్తారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒకచోట రాసిపెట్టాను. వాస్తవాల మధ్యలో నా అభిప్రాయాలు కూడా దూరాయి. ఏది ఏదో చదివితే తెలిసిపోతుంది.

డబ్బు కట్టి కొన్నాను కదా, గేమ్ నాది కాదా?

కాదు. మీరు కొన్నది ఆడుకోవడానికి అనుమతి.

నమ్మకం కుదరకపోతే కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఏదో ఒక గేమ్ కార్ట్‌లో వేసి, డబ్బు కట్టే దాకా వెళ్లి ఆగండి. డిజిటల్ వస్తువు కొంటే మీకు వచ్చేది స్టీమ్‌లో దాని లైసెన్స్ అని అక్కడ చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనిపిస్తుంది. 2024 అక్టోబర్‌కి ముందు ఆ వాక్యం అక్కడ లేదు. షరతుల పత్రంలో మాత్రం ఎప్పటి నుంచో ఉంది. "ఐ అగ్రీ" నొక్కేముందు ఆ పత్రం మొత్తం చదివిన మనిషి నాకింతవరకు తారసపడలేదు, నాతో కలిపి.

ఆ వాక్యం వచ్చిన సమయం చూడండి. దానికి నెల ముందే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఏబీ 2426 అనే చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. ఆ చట్టం కొనేవాళ్లకి కొత్త హక్కేమీ ఇవ్వలేదు. బటన్ మీద "కొనండి" అని రాయాలంటే, అసలు ఇస్తున్నది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పమంది, అంతే. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా ఎప్పటికీ వాడుకోగలిగే సరుకుకి ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చింది.

ఇదంతా మా నాన్నగారికి వివరిస్తుంటే మధ్యలో ఆపి, "పట్టానా, కౌలా?" అని అడిగారు. కౌలే అన్నాను. "గడువెంత?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. కౌలుకైతే ఏడాదనో మూడేళ్లనో ముందే ఒక మాట అనుకుంటారు. ఇక్కడ గడువు వాళ్లకి తెలుసేమో కానీ మనకి మాత్రం ఎవరూ చెప్పరు.

ఇదివరకు సీడీ కొంటే మనదే కదా. ఎప్పుడు మారింది?

ఒక నెల పేరు చెప్పమంటే 2004 నవంబర్ అంటాను. ఆ నెలలో రెండు జరిగాయి, ఒకటి ఢిల్లీలో, ఇంకొకటి అమెరికాలో.

ఢిల్లీది మన కేసే. సాఫ్ట్‌వేర్ అమ్మితే అమ్మకపు పన్ను కట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంది. అది సరుకు కాదు, చేత్తో పట్టుకునే వస్తువు కాదు అని టీసీఎస్ వాదించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సీడీలో వేసి అందరికీ ఒకేలా అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని, పన్ను కట్టాల్సిందేనని 2004 నవంబర్ 5న ఐదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది.

పది రోజులు తిరిగేసరికి అమెరికాలో స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ హాఫ్-లైఫ్ 2 విడుదల చేసింది. షాపులో డబ్బా కొన్నా, అందులో డిస్కులు ఉన్నా, నెట్‌కి కలిపి స్టీమ్ అకౌంట్‌లో నమోదు చేస్తే కానీ గేమ్ తెరుచుకోదు. స్టీమ్ 2003లోనే మొదలైంది కానీ దాన్ని బలవంతంగా ఇంటింటికీ తెచ్చింది ఈ గేమే. మన దగ్గర అప్పటికింకా చాలా ఇళ్లలో డయలప్ కూతలే. చేతిలో సీడీ పట్టుకుని, ఆడటానికి నెట్ కోసం వెతుక్కోవడం ఏమిటో అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు.

అంటే మన కోర్టు "సీడీలో ఉన్నది సరుకే" అని తీర్పు చెప్పిన నెలలోనే, సీడీ ఉన్నా సరుకు చేతికి రాని గేమ్ బజారుకొచ్చింది.

ది క్రూ, ది క్రూ అంటుంటారు. అసలేం జరిగింది?

ది క్రూ అనేది యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ 2014 డిసెంబర్‌లో తెచ్చిన కార్ల గేమ్. అమెరికా దేశం మొత్తాన్ని కుదించి ఒక మ్యాప్ చేశారు. ఆ తీరం నుంచి ఈ తీరం దాకా కారేసుకుని తిరగొచ్చు. ఒక్కరే ఆడే కథ కూడా ఉంది. కానీ ఒక్కరే ఆడుతున్నా సరే, గేమ్ ఎప్పుడూ కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతూనే ఉండాలి.

2023 డిసెంబర్‌లో అమ్మకం ఆపారు. 2024 మార్చి 31న సర్వర్లు కట్టేశారు. ఇక్కడిదాకా అయితే పాత గేమ్ మూసేశారులే అని జనం ఊరుకునేవాళ్లేమో. ఆ తర్వాత కొనుక్కున్నవాళ్ల అకౌంట్లలోంచి లైసెన్స్ కూడా తీసేశారు. డిస్క్ కొన్నవాళ్లదీ అదే గతి. డిస్క్ పెడితే గేమ్ లేస్తుంది, సర్వర్ కోసం చూస్తుంది, అక్కడే ఆగిపోతుంది. డబ్బు కట్టి కొన్న వస్తువు, మీ బీరువాలోనే ఉంది, పాడవలేదు, అయినా పనిచేయదు. నాకు ఈ మొత్తం గొడవలో గుచ్చుకునేది ఇదే.

2024 నవంబర్‌లో కాలిఫోర్నియాలో కొందరు కొనుగోలుదారులు కోర్టుకెక్కారు. అప్పటికే విమర్శలు ఎక్కువై, ఆ తర్వాతి భాగాలకి నెట్ లేకుండా ఆడే వీలు కల్పిస్తామని యూబీసాఫ్ట్ ప్రకటించింది. ది క్రూ 2కి 2025లో ఆ వీలు వచ్చింది కూడా. అంటే చేయడం సాధ్యమే. మొదటి భాగం విషయంలో ఎందుకు చేయలేదన్న కోపం జనానికి అందుకే ఇంకా చల్లారలేదు.

దీనిమీద యూరప్‌లో సంతకాలు సేకరించారట?

అవును, స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం. ది క్రూ మూతపడ్డాక 2024 ఏప్రిల్‌లో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌లో ఒక పద్ధతి ఉంది: పౌరులు ఏడాదిలోపు 10 లక్షల సంతకాలు తెస్తే, యూరోపియన్ కమిషన్ ఆ విషయం చూసి జవాబు చెప్పాలి. 2025 జూలై 31 గడువు. నెలల తరబడి నత్తనడక నడిచింది. నేనైతే పోయిందనే అనుకున్నాను. చివరి ఆరు వారాల్లో ఒక్కసారిగా ఊపందుకుని 14 లక్షలు దాటింది. తనిఖీ చేశాక చెల్లిన సంతకాలే 12 లక్షల పైన తేలాయి.

బ్రిటన్‌లో వేరే పిటిషన్ పెడితే 2025 నవంబర్ 3న పార్లమెంటులో చర్చకొచ్చింది. సభ్యులు కొందరు బాగానే మాట్లాడారు. చట్టం మార్చే ఆలోచన లేదని ప్రభుత్వం చెప్పింది.

జర్మనీలో ఎంఎస్ చేస్తున్న మా పిన్ని కొడుకు నేనూ సంతకం పెట్టొచ్చా అన్నయ్యా అని అడిగాడు. కుదరదు. అక్కడ ఉంటే చాలదు, ఆ దేశాల పౌరసత్వం ఉండాలి.

ఉద్యమం అడుగుతున్నదేమిటో కూడా చాలామంది సరిగా పట్టించుకోరు. సర్వర్లు కలకాలం నడపమని వాళ్లు అనట్లేదు. మూసేసే రోజున ఆడుకునే స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు. అలా చేస్తే ఖర్చు పెరుగుతుంది, బయటివాళ్లు నడిపే సర్వర్లలో భద్రత మా చేతిలో ఉండదు అని కంపెనీల సంఘం అంటోంది. పదేళ్ల కిందటి గేమ్ విషయంలో ఆ వాదనలో పస ఉంది, కట్టేశాక మళ్లీ పునాది మార్చడం కష్టం. ఇవాళ కొత్తగా మొదలుపెడుతున్న గేమ్‌కి మాత్రం ఆ సాకు చెల్లదని నా అభిప్రాయం. ముందే తెలిస్తే ఎవరైనా దానికి తగ్గట్టే కడతారు.

మరి మన దేశంలో చట్టం ఏమంటుంది?

గేమ్ మూసేస్తే ఏం చేయాలో చెప్పే చట్టం మనకి ప్రత్యేకంగా లేదు. ఉన్నవాటిలో పనికొచ్చేవి రెండు మూడు చెప్తాను.

కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, న్యాయంగా సంపాదించుకున్న ప్రోగ్రామ్ పాడవుతుందేమో, పోతుందేమో అన్న జాగ్రత్త కోసం బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. అదే చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో, కాపీ కాకుండా పెట్టిన డిజిటల్ తాళం పగలగొడితే నేరం అంటుంది, రెండేళ్ల దాకా జైలు. కాపీ తీసుకోవచ్చు, తాళం ముట్టుకుంటే జాగ్రత్త. ఇవాళ చాలా గేమ్‌లకి తాళం ఉంటుంది మరి.

ఇంకొకటి 2021 మార్చి నాటి సుప్రీంకోర్టు తీర్పు. విదేశీ కంపెనీల దగ్గర సాఫ్ట్‌వేర్ తెచ్చి ఇక్కడ అమ్మేవాళ్లు కట్టే డబ్బు రాయల్టీనా కాదా అన్నది అక్కడి తగాదా. కాగితం మీద లైసెన్స్ అని రాసుకున్నా, జరిగింది కాపీరైట్ ఉన్న వస్తువు అమ్మకమేనని కోర్టు అంది. ఆదాయపు పన్ను కేసు కాబట్టి మనకి నేరుగా పనికిరాదు. కానీ సరదాగా లేదూ? పన్ను లెక్కలు వేసేటప్పుడు అది అమ్మకం. మనం వెళ్లి నా వస్తువేదీ అని అడిగితే అది లైసెన్స్.

డబ్బు తీసుకుని గేమ్ ఇవ్వకపోవడం, రెండుసార్లు డబ్బు కోసుకోవడం లాంటి మామూలు మోసాలకి 1915కి ఫోన్ చేయొచ్చు. అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. కాలిఫోర్నియాలో పెట్టిన ఆ ఒక్క వాక్యం మన దగ్గరా తప్పనిసరి చేస్తే బాగుంటుందని నాకుంది. కంపెనీకి అయ్యే ఖర్చు ఒక లైను.

డిస్క్ కొనుక్కుంటే ఈ గొడవ ఉండదుగా?

కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అటక మీద నుంచి నా పాత సీడీల డబ్బా దించాను. బూజు దులిపి చూస్తే ఇరవై మూడు డిస్కులు. సగం మీద మార్కర్‌తో నా చేతిరాతే, అవి ఎక్కడ నుంచి వచ్చాయో చెప్పక్కర్లేదు. అసలైనవి నాలుగు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో డబ్బులు కూడబెట్టి కొన్నవి. ఒకదాని అట్ట లోపల తెల్ల స్టిక్కర్ మీద కీ నంబర్ ఇంకా చెక్కుచెదరలేదు. గీతలు పడ్డ డిస్క్‌కి అప్పట్లో చేసినట్టే కొంచెం పేస్ట్ రాసి మెత్తటి గుడ్డతో తుడిచి, డీవీడీ డ్రైవ్ అరువు తెచ్చి పెట్టాను. ఇన్‌స్టాల్ అయింది. ఐకాన్ నొక్కితే ఏమీ కాలేదు. ఆ కాలం నాటి చాలా డిస్కులకి సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. ఆ తాళం తీసే ముక్కని 2015లో వచ్చిన విండోస్ 10లో భద్రతా కారణాలతో మైక్రోసాఫ్ట్ తీసేసింది. డిస్క్ బాగుంది, కీ ఉంది, తలుపే మారిపోయింది.

చివరికి అదే గేమ్‌ని ఇంకో స్టోర్‌లో నూట యాభైకి కొని ఆడాను. అటక మీది డిస్క్ మాత్రం మళ్లీ అటక మీదకే పోయింది.

ఇప్పటి డిస్కుల సంగతి వేరు. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 గేమ్ మెషిన్‌కి కొన్ని గేమ్‌లు "గేమ్-కీ కార్డ్" రూపంలో అమ్ముతున్నారు. కార్డ్‌లో గేమ్ ఉండదు. దాన్ని పెడితే నెట్ నుంచి దిగుతుంది, ఆడేటప్పుడూ కార్డ్ ఉండాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే గేమ్‌లకైతే డిస్క్ అలంకారమే. ఏంథమ్ సర్వర్లు 2026 జనవరి 12న ఆపేశారు, దాని డిస్కులు ఇప్పుడు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే.

డిస్క్‌కి మిగిలిన అసలు లాభం తిరిగి అమ్ముకోవడం. మా ఆఫీసు కుర్రాడొకడు పీఎస్5 గేమ్ 4,999కి కొని, నెలలో ముగించి, 3,200కి అమ్మేశాడు. వాడికి గేమ్ పద్దెనిమిది వందలకి పడింది. డౌన్‌లోడ్ చేసుకున్నదానికి ఆ దారి లేదు. 2019లో ఫ్రాన్స్‌లో ఒక కోర్టు, స్టీమ్ గేమ్‌లు తిరిగి అమ్ముకోనివ్వాలి అంది కానీ 2022లో పైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఏ స్టోర్‌లో కొంటే మంచిది?

నేను రోజూ వాడేది స్టీమే. రూపాయల్లో ధర ఉంటుంది, యూపీఐ తీసుకుంటుంది, సేల్‌లో మంచి గేమ్‌లు బిర్యానీ ఖరీదుకి దొరుకుతాయి. ఎపిక్ స్టోర్ ఉచితంగా ఇచ్చేవి వదలను, ఆడతానా లేదా అన్నది వేరే ప్రశ్న.

దాచుకోవాలనిపించే గేమ్ అయితే మాత్రం ముందు జీఓజీలో ఉందేమో చూస్తాను. పోలండ్‌లో సీడీ ప్రాజెక్ట్ వాళ్లు 2008లో మొదలుపెట్టిన స్టోర్ అది. అక్కడ గేమ్‌కి తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైల్ దించి హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే, రేపు స్టోర్ ఉన్నా లేకపోయినా మీ కంప్యూటర్‌లో నడుస్తుంది. చట్టం లెక్కన అదీ లైసెన్సే. కానీ ఫైల్ మీ చేతిలో ఉంటుంది, వెనక్కి లాక్కునేందుకు వాళ్లకి దారి లేదు. కొత్తగా వచ్చే పెద్ద గేమ్‌లు అక్కడ తక్కువ, ధరలో కూడా స్టీమ్ ఇచ్చినంత బేరం కనపడదు.

స్టీమ్‌లో కూడా తాళం లేని గేమ్‌లు కొన్ని ఉంటాయి. ఫోల్డర్ కాపీ చేసుకుంటే స్టీమ్ తెరవకుండానే నడుస్తాయి. కానీ ఏవి అలాంటివో స్టోర్ పేజీలో రాయరు, మనమే ప్రయత్నించి చూసుకోవాలి.

ఫోన్ల విషయానికొస్తే, ఆండ్రాయిడ్‌లో గూగుల్ దుకాణం తప్ప వేరే దిక్కు దాదాపు లేదు. ప్లే స్టోర్ చెల్లింపుల నియమాల మీద మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో 936 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని 216 కోట్ల చిల్లరకి తగ్గించింది. ఆ తగాదా గేమ్ కొనే మన దాకా ఇంకా చేరలేదు, ధరలేమీ దిగలేదు.

పబ్‌జీలో నేను కొన్న స్కిన్‌లు (ఆటలో బొమ్మకి, తుపాకీకి వేసే వేషాలు) ఏమయ్యాయి?

మా బావమరిది కొడుకు ప్రశ్న ఇది, ఐదేళ్లయినా మర్చిపోలేదు.

2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లని నిషేధించింది. అక్టోబర్ 30న ఇక్కడివాళ్లకి సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు పాత అకౌంట్ డేటా మార్చుకునే అవకాశం ఇచ్చారు, గడువు పెట్టారు. మావాడు అప్పుడు పదో తరగతి, ఫోన్ వాళ్లమ్మ దగ్గర. గడువు దాటిపోయింది. 2022 జూలైలో బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఫ్రీ ఫైర్ అనే ఇంకో ఫోన్ గేమ్ 2022 ఫిబ్రవరిలో పోయింది.

ఇక్కడ తప్పు కంపెనీదా, ప్రభుత్వానిదా అని నేను తేల్చట్లేదు. స్కిన్ అంటే వేరేవాళ్ల కంప్యూటర్‌లో మీ పేరు పక్కన రాసిన ఒక గుర్తు. ఆ కంప్యూటర్‌కి, మీకూ మధ్య ఎవరు గోడ కట్టినా గుర్తు అవతలే ఉండిపోతుంది. గేమ్ కొనడానికి డబ్బులడిగితే ఇస్తాను కానీ స్కిన్‌కి అడిగితే ఇవ్వను. మావాడు నన్ను పిసినారి మామయ్య అంటాడు, అననీ.

2025లో కొత్త చట్టం వచ్చింది కదా. స్టీమ్‌లో గేమ్ కొనడం ఇప్పుడు నేరమా?

నేరం కాదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది పందెం డబ్బు పెట్టి, గెలిస్తే డబ్బు వస్తుందని ఆడే ఆటలని. రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటివి. ఆడించేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవాళ్లకి శిక్ష లేదు. గేమ్‌ని డబ్బిచ్చి కొనడం వేరు, గేమ్‌లో డబ్బు ఒడ్డడం వేరు. తెలంగాణ 2017లోనే, ఆంధ్ర 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం పెట్టాయి కాబట్టి మనవాళ్లకి ఈ తేడా కొత్తేమీ కాదు. అయినా టీవీలో "గేమింగ్ బంద్" అని వేసిన రోజు మా అమ్మ ఫోన్ చేసి, నీ ఆటలు కూడా పోయాయా నాన్నా అంది. ఆ గొంతులో బాధ కంటే ఆశ ఎక్కువ వినిపించింది.

నెలకింత కట్టే సబ్‌స్క్రిప్షన్ నయమేమో కదా?

అద్దె అని చెప్పి అద్దె తీసుకుంటారు, ఆ నిజాయితీ నాకిష్టం. నెలకి రెండు మూడు కొత్త గేమ్‌లు ముట్టుకునేవాళ్లకి గిట్టుబాటే. ఏడాదంతా ఒకే క్రికెట్ గేమో ఫుట్‌బాల్ గేమో ఆడేవాళ్లకి దండగ.

అద్దె ఇంటికి ఉన్న తిప్పలే దీనికీ ఉన్నాయి. ఓనరు అద్దె పెంచుతాడు: 2025 అక్టోబర్‌లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ వాళ్ల నెలవారీ సబ్‌స్క్రిప్షన్ గేమ్ పాస్ అల్టిమేట్ 19.99 డాలర్ల నుంచి ఒకేసారి 29.99కి వెళ్లింది. సగంలో ఉండగా గేమ్ జాబితా నుంచి పోతుంది. ఇంకో విషయం, ఆటోపే. పిల్లాడి కోసం ఒక నెలకని పెట్టి మర్చిపోతే కోసుకుంటూనే ఉంటారు. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా ఒకసారి తెరిచి చూడండి. నాకు అందులో మూడు దొరికాయి.

నచ్చకపోతే డబ్బు వెనక్కి వస్తుందా?

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే మామూలుగా అడిగిన వెంటనే ఇచ్చేస్తారు. కన్సోల్ స్టోర్లు ఇంత ఉదారంగా ఉండవు.

మూతపడినప్పుడు పూర్తిగా వెనక్కిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. సోనీ కాన్‌కార్డ్ గేమ్ 2024 ఆగస్టు 23న వచ్చి రెండు వారాల్లో మూతపడింది, కొన్న అందరికీ డబ్బు తిరిగిచ్చారు. నెట్ మీదే గేమ్‌లు ఆడించే గూగుల్ స్టేడియా 2023 జనవరిలో ఆగిపోయినప్పుడు గేమ్‌ల డబ్బుతో పాటు తమ స్టోర్‌లో అమ్మిన కంట్రోలర్ల డబ్బు కూడా ఇచ్చారు. ఇవ్వాలనుకుంటే ఇవ్వగలరు.

ఎలాగూ సొంతం కానప్పుడు క్రాక్ (తాళం తీసేసిన దొంగ కాపీ) వేసుకుంటే తప్పేంటి?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు అందరి మొహంలోనూ ఒకటే నవ్వు ఉంటుంది. అటక మీది డబ్బాలో పందొమ్మిది డిస్కులు ఎలాంటివో నేనే ఒప్పుకున్నాను కాబట్టి నీతులు చెప్పను.

చట్టం ప్రకారం తప్పే. దాన్ని పక్కన పెట్టినా, ఇవాళ క్రాక్ ఫైల్‌తో పాటు ఏం దిగుతుందో తెలియదు. అదే కంప్యూటర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్‌లు, ఆధార్ కాపీలు ఉంటాయి. మూడొందలకి సేల్‌లో దొరికే గేమ్ కోసం ఆ రిస్క్ తీసుకోవడం నాకు తెలివిగా అనిపించదు.

ఒక్క చోట మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. ఎక్కడా అమ్మకానికి లేని పాత గేమ్ సంగతేంటి? అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని తేలింది. పాత గేమ్ మెషిన్లయిన నింటెండో 3డీఎస్, వీ యూ స్టోర్లు 2023 మార్చిలో, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలైలో మూసేశారు. డబ్బు పట్టుకుని నిలబడ్డా అమ్మేవాడు లేడు. అలాంటివాటిని దాచిపెడుతున్నవాళ్లని దొంగలనడానికి నాకు నోరు రాదు.

నా లైబ్రరీ మా తమ్ముడికి ఇవ్వొచ్చా? నేను పోయాక ఏమవుతుంది?

బతికుండగా పంచుకోవడానికి స్టీమ్ ఫ్యామిలీస్ ఉంది, ఒకే ఇంట్లో ఆరుగురి దాకా. మీరొక గేమ్, తమ్ముడు ఇంకో గేమ్ ఒకేసారి ఆడుకోవచ్చు. అదే గేమ్ ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే రెండు కాపీలు కావాలి. తమ్ముడు మీ గేమ్‌లో మోసం చేసి దొరికితే నిషేధం మీ మీద కూడా పడుతుంది, తమ్ముడి గుణం తెలుసుకుని చేర్చుకోండి.

పోయాక సంగతి: అకౌంట్ బదిలీ కుదరదని షరతుల్లోనే ఉంది. వీలునామా రాసినా చెల్లదని 2024లో స్టీమ్ సపోర్ట్ ఒకరికి చెప్పింది. నిజానికి పాస్‌వర్డ్ తెలిసిన తమ్ముడు మర్నాడు లాగిన్ అయితే ఎవరికీ తెలియదు.

కానీ పోవడం దాకా అక్కర్లేదు, నంబర్ మారితే చాలు. ఒక స్టోర్‌లో, పేరొద్దులే, నాకు పదేళ్ల పాత అకౌంట్ ఉండేది. దానికి ఇచ్చింది కాలేజీ రోజుల సిమ్ నంబర్. రీచార్జ్ చేయక ఆ సిమ్ పోయింది, నంబర్ ఇంకెవరికో వెళ్లింది. కొత్త ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవ్వబోతే ఓటీపీ ఆయనకి పోయింది. ధైర్యం చేసి ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. కర్నూలు వైపు ఎవరో పెద్దాయన ఎత్తారు. సంగతంతా విని, "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పినారు నాయనా" అని పెట్టేశారు. ఆయన్ని ఏమంటాం, చేసింది సరైన పనే. స్టోర్ వాళ్లకి బిల్లులన్నీ పంపినా మూడు నెలలు ఒకే రకం జవాబు వచ్చింది. నలభై ఒక్క గేమ్‌లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, నేను బయట ఉన్నాను.

క్రెడిట్ కార్డ్ కంపెనీలకీ గేమ్‌లకీ ఏం సంబంధం?

2025 జూలైలో తెలిసింది సంబంధం ఎంతో. స్టీమ్ కొన్ని పెద్దలకి మాత్రమే గేమ్‌లని తీసేసింది, ఇచ్.ఐఓ అనే చిన్న స్టోర్ అలాంటివి వెతికినా కనపడకుండా చేసింది. చెల్లింపుల సంస్థల నియమాల ఒత్తిడే కారణమని రెండూ చెప్పాయి. మేం ఏ గేమ్‌నీ తీసేయమనలేదని మాస్టర్‌కార్డ్ అంది. ఆ గేమ్‌ల మీద నాకు ప్రేమేమీ లేదు, వాటిలో కొన్ని చూస్తే వాంతొస్తుంది. కానీ చట్టం నిషేధించని వస్తువు అమ్మాలా వద్దా అన్నది డబ్బు మోసే కూలీ తేల్చడం సరికాదు. ఇవాళ ఇవి, రేపు ఇంకేవో.

సినిమాలు, పుస్తకాలు కూడా ఇంతేనా?

ఇంతే. 2009లో అమెజాన్, కొన్నవాళ్ల కిండిల్‌లోంచి జార్జ్ ఆర్వెల్ నవలలు రెండు రాత్రికి రాత్రి తుడిచేసింది. అమ్మినవాళ్లకి హక్కులు లేవట. డబ్బు తిరిగిచ్చి, తర్వాత క్షమాపణ చెప్పారు. నిఘా రాజ్యం గురించి రాసిన ఆయన పుస్తకమే అలా పోవడం, కథ రాసినా ఎవరూ నమ్మరు.

ఇంత చెప్పి, నువ్వు కొనడం మానేశావా?

లేదు. నిన్న కూడా కొన్నాను, 279 రూపాయలు.

నా లెక్క ఒకటే. మళ్లీ దొరక్కపోయినా బాధలేదు అనుకునే ధర అయితే ఎక్కడైనా కొంటాను. రెండు వేలు దాటితే ముందు మూడు చూస్తాను: నెట్ తీసేస్తే నడుస్తుందా, తాళం లేని కాపీ ఎక్కడైనా దొరుకుతుందా, డిస్క్ అయితే తిరిగి అమ్ముకోవచ్చా. మూడింటికీ కాదు అనే జవాబు వస్తే ఏడాది ఆగుతాను. ఏడాదికి సగం ధరకి వస్తుంది, లేదా మూతపడుతుంది.

పాత నంబర్ అనుభవం తర్వాత ఇంకో అలవాటు కూడా అయింది. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ తీసి, ఆ నెలలో కొన్న జీఓజీ ఇన్‌స్టాలర్లు అందులోకి వేస్తాను. దాని మీద మార్కర్‌తో పేర్లు రాస్తుంటే మా ఆవిడ చూసి, ఇది కూడా అటక మీదకేనా అంది. అవును, పాత డబ్బా పక్కనే చోటుంది.